నోరు లేని గేదెలు

పశుగణ వికాస సంస్థలో అక్షరాలు పెద్దవి కావడానికి కారణం, సంచాలకులు కేదారేశ్వరరావుగారి కళ్లజోడు కారులో ఉండిపోవడం.

ఆ రోజు జిల్లా కేంద్రంలో పశువైద్యులకు ట్యాబ్‌లు పంచే సభ జరిగింది. దండలు, శాలువాలు అయ్యాక మొదటి ట్యాబ్‌ను సంచాలకులుగారి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూశారు, చెయ్యి చాపి దూరంగా పెట్టుకుని చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"ఏమిటీ అక్షరాలు, చీమలు పాకినట్టు? రైతు సేవలో అక్షరం చిన్నబోకూడదు!"

చమత్కారమనుకుని సభ చప్పట్లు కొట్టింది. ఆదేశమనుకుని సాంకేతిక విభాగం రాసుకుంది. డ్రైవరు పరుగెత్తుకెళ్లి కళ్లజోడు తెచ్చేసరికి ఉత్తర్వు తయారైపోయింది: "సంస్థ పరిధిలోని సమస్త ట్యాబ్‌లందు తెరపై దృశ్య పరిమాణమును రెండువందల శాతమునకు స్థిరీకరించడమైనది. దీనిని తగ్గించుటకు యత్నించు సిబ్బందిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

ఆ సభలో వెనక వరసలో కూర్చున్న డాక్టర్ హైమవతికి కూడా ఒక ట్యాబ్ వచ్చింది. గోదావరి కాలువల మధ్య ఉన్న జొన్నలమెరక ఊళ్లో పశువుల ఆస్పత్రి ఆవిడది. ఈనలేక అవస్థపడే గేదె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడను లాగిన మనిషి. అంత తేలిగ్గా కంగారుపడదు. ఊరికి తిరిగొచ్చి ట్యాబ్ తెరిచాక మాత్రం కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. ఒక్కో అక్షరం గారెంత ఉంది. "పశు నమోదు" అనే యాప్‌లో "పశు" వరకే కనిపిస్తోంది. "పంపు" అనే బటన్ తెర మధ్యలో బల్లపీటలా కూర్చుంది. దాని పక్కన ఉండాల్సిన "తొలగించు" బటన్ కుడివైపు అంచు దాటి ఎటో వెళ్లిపోయింది. తెరను ఎంత జరిపినా అది ఇవతలికి రాలేదు.

"పంపడవేనన్నమాట, తీసెయ్యడం లేదండాయ్," అన్నాడు ఆస్పత్రి అటెండరు నూకరాజు, ఆవిడ భుజం మీదుగా చూసి. చేరిన నాటినుంచి ఇదే ఆస్పత్రిలో ఉన్న మనిషి. యాభై దాటాయి. ఏ కొత్త పథకం వచ్చినా ముందు దాన్ని సంచిలో పెట్టుకోవచ్చా లేదా అని చూస్తాడు. ట్యాబ్ సంచిలో పట్టింది. అతనికి నచ్చింది.

నమోదు మొదలుపెట్టింది వీరాయమ్మ పాకలో. వీరాయమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. భర్త పోయాక ఒక్కతే గేదెల్ని మేపుకుంటూ, పాల కేంద్రంలో పాలు పోసుకుంటూ బతుకుతోంది. ఊళ్లో ఆవిడ నోటికి జడవని వాళ్లు లేరు. ఆవిడ పెద్ద గేదె పేరు బంగారి. బంగారి వెడల్పాటి నడుముతో, ఊరి పెద్దమనిషిలా తాపీగా నెమరు వేస్తూ నిలబడింది.

నిబంధన ఇది: పశువుకో ఫోటో, ఫోటోకో నంబరు. ఫైలు యాభై కేబీ దాటకూడదు. చెవికున్న బిళ్ల కనబడాలి.

హైమవతి ట్యాబ్ ఎత్తింది. తెర మీద బంగారి మూపు దాకానే పట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది. నడుము దాకా వచ్చింది. పాక దాటి గడ్డివామి దాకా వెనక్కి వెళ్లింది. అప్పటికి గేదె మొత్తం పట్టింది గానీ, దాంతోపాటు గడ్డివామి, కొబ్బరిచెట్లు, ఆరేసిన చీరలు, నూకరాజు అన్నీ పట్టాయి. చెవి బిళ్ల నల్లపూసంత అయిపోయింది. "పంపు" నొక్కితే తెరంతా ఎర్రబడి "ఫైలు పరిమాణము మించినది" అంది.

"ఏంటమ్మా డాట్రమ్మా, దగ్గరికొత్తారు, దూరం పోతారు? నా గేదెకేవన్నా దిష్టి తీత్తన్నారా?" అంది వీరాయమ్మ.

హైమవతి సాంకేతిక విభాగానికి ఫోన్ చేసింది. అక్కడ సుహాస్ అనే యువ ఇంజనీరు ఉంటాడు. మర్యాదస్థుడు. ఏ సమస్య చెప్పినా ముందు దానికి అభినందిస్తాడు.

"మంచి ప్రశ్న మేడమ్. స్కేలింగ్ మన చేతిలో లేదు, అది పాలసీ. యాభై కేబీ కూడా మన చేతిలో లేదు, అది సర్వర్. మన చేతిలో ఉన్నది గేదె ఒక్కటే. దాన్ని రెండు భాగాలు చేసుకోండి."

"గేదెనా?"

"ఫోటోని మేడమ్. ముందు సగం ఒక ఫైలు, వెనక సగం ఒక ఫైలు. రెండూ లిమిట్‌లోనే ఉంటాయి. చెవి బిళ్ల ఒకదాంట్లో పడితే చాలు."

"ఫోటోకో నంబరు ఇస్తుంది కదండీ మీ యాప్? ఒక గేదెకి రెండు నంబర్లు పడతాయి."

"తర్వాత డిలీట్ చేసేద్దాం మేడమ్."

"ఆ బటన్ కనబడటం లేదు."

"అది కూడా మంచి ప్రశ్నే," అన్నాడు సుహాస్.

నమోదుకు గడువు దగ్గరపడుతోంది. వెనకబడిన డాక్టర్ల పేర్లు రోజూ సంస్థ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. హైమవతి బంగారి ముందు సగాన్ని తీసింది, పంపింది. వెనక సగాన్ని తీసింది, పంపింది. రెండూ గంట మోగినట్టు టింగుమని వెళ్లిపోయాయి. తప్పు చేస్తున్నానని ఆవిడకు తెలుసు. అందరూ చేస్తున్నారనీ తెలుసు. రెండోది తెలిశాక మొదటిది అంతగా బాధించలేదు.

నెలలు గడిచాయి. సంస్థ వీడియో సమావేశం పెట్టింది. సంచాలకులుగారు తెర మీద కనిపించారు. రెండువందల శాతంలో ఆయన కనుబొమల నుంచి టై ముడి దాకా మాత్రమే కనిపించారు.

"మిత్రులారా, ఈ త్రైమాసికంలో మన పశుసంపద సరిగ్గా రెట్టింపైంది. ఏ దేశ చరిత్రలోనూ గేదె ఇంత వేగంగా అభివృద్ధి చెందలేదు. ఇది సాంకేతికత సాధించిన విజయం, క్షేత్రస్థాయి సమన్వయానికి నిదర్శనం, దిశానిర్దేశానికి తార్కాణం."

హైమవతి మైకు తెరిచింది. "సార్, జొన్నలమెరక నుంచండీ. గేదెలు పెరగలేదు సార్. ఒక్కో గేదెకి రెండు ఫోటోలు పట్టాయంతే. ముందు సగం, వెనక సగం రెండు పశువులుగా లెక్కలోకి వెళ్లాయి."

"మీరు గేదెను చూసి మాట్లాడుతున్నారా, డేటాను చూసి మాట్లాడుతున్నారా?"

"గేదెనే చూశాను సార్. రోజూ చూస్తాను."

"అక్కడే పొరపాటు జరుగుతోంది," అన్నారు సంచాలకులుగారు ఎంతో ఓపికగా. "డేటా మాట్లాడుతున్నప్పుడు మనం మాట్లాడకూడదు డాక్టర్‌గారూ."

మిగిలిన డాక్టర్లెవరూ మైకు తెరవలేదు. సమావేశం అయ్యాక ముగ్గురు మాత్రం ఆవిడకు విడిగా ఫోన్ చేసి, బాగా చెప్పారని మెచ్చుకున్నారు.

ఆ యాప్ తెలివైనది. ఫోటోలో ఏది కనిపిస్తే దాని గురించే అడిగేది. మూతి కనిపిస్తే "ఏమి తినును?" అనేది. పొదుగు కనిపిస్తే "ఎన్ని లీటర్లు ఇచ్చును?" అనేది. ఆ సమాధానాలన్నీ కేంద్ర కార్యాలయానికి చేరాయి. అక్కడ వాటిని రంగురంగుల బొమ్మలుగా మార్చి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి: రాష్ట్రంలో సగం పశువులు తింటున్నాయి గానీ పాలివ్వడం లేదు. రెండోది ఇంకా గొప్పది. మిగతా సగం పశువులు పాలిస్తున్నాయి, కానీ ఏమీ తినడం లేదు.

సంచాలకులుగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయారని సుహాస్ తర్వాత చెప్పాడు. ఆయన కళ్లు చెమర్చాయట. ఆ పశువులకు "నిరాహార క్షీర జాతి" అని ఆయనే స్వయంగా నామకరణం చేశారు. ఆ జాతి మీద పరిశోధనకు ఒక విభాగం, ఆ విభాగానికి ఒక భవనం, ఆ భవనానికి శంకుస్థాపన జరిగాయి. రెండో ఉత్తర్వు వెలువడింది: "కేవలం మేత భుజించుచు పాలనివ్వని పశువులను అనుత్పాదక పశువులుగా గుర్తించి, వాటికి సంస్థ అందించు సమస్త సేవలను నిలుపుదల చేయడమైనది."

ఊళ్లో మొదట నవ్వుకున్నారు. పాల కేంద్రం దగ్గర వీరాయమ్మ కనబడితే, "ఏవే, ముందు సగవేం చేత్తంది?" అని అడిగేవారు. "మీ ఆయన చేసే పనే చేత్తంది. తిని కూచుంటంది," అనేది వీరాయమ్మ. ఆ తర్వాత ఇంకెవరూ అడిగేవారు కాదు.

ఆ నవ్వులు గాలికుంటు వచ్చేదాకానే సాగాయి.

కాలువకు ఎగువనున్న ఊళ్లో మొదలైంది. గేదెల నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, నోటినుంచి తీగలు సాగే చొంగ. పెద్ద పశువులు కుంటుకుంటూ, మేత ముట్టకుండా, పాలెండిపోయి నిలబడతాయి. పాలు తాగే దూడలైతే నిలబడవు, పోతాయి. ముందుగా టీకా వేస్తే ఆగే జబ్బు అది. టీకా బజారులో దొరికే సరుకు కాదు. సంస్థ పంపాలి, ఐసులో పెట్టి పంపాలి.

హైమవతి ఆ పూటే ట్యాబ్‌లో టీకాలు కావాలని పెట్టింది. జవాబు తక్షణం వచ్చింది. తెర నిండా, చెరువులో చందమామంత సున్నా.

సుహాస్‌కు ఫోన్ చేసింది. "సున్నా వచ్చిందండీ. ఏదో ఎర్రర్."

"చూస్తున్నాను మేడమ్... ఎర్రర్ కాదు, అది ఆన్సరే. గాలికుంటు నోటి జబ్బు కదా. నోరున్న పశువులన్నీ మన రికార్డులో అనుత్పాదకం, వాటికి సేవలు ఆపేశాం. పాలిచ్చే పశువులు అర్హమైనవే, కానీ వాటికి నోరు లేదు. నోరు లేనిదానికి నోటి జబ్బు రాదు కదా మేడమ్, అందుకని సిస్టమ్ సున్నా ఇచ్చింది. లాజిక్ కరెక్టుగానే ఉంది."

"కాళ్లకి కూడా వస్తుంది సుహాస్‌గారూ."

"డ్రాప్‌డౌన్‌లో మొదటి ఆప్షన్ నోరు మేడమ్. రెండోది తెర కిందికి పోయింది."

ఆవిడ ఫోన్ పెట్టేసి బస్సెక్కింది. కేంద్ర కార్యాలయంలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి లోపలికి పంపారు. కేదారేశ్వరరావుగారు ఆదరంగానే మాట్లాడారు, టీ తెప్పించారు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నారు. అది చూసి హైమవతికి ఆశ కలిగింది.

"సార్, ఇప్పుడు కళ్లజోడు ఉంది కదండీ. ఆ రెండువందల శాతాన్ని వందకు తగ్గించమని ఒక్క మాట చెప్పండి సార్. గేదె మొత్తం పడుతుంది. అన్నీ సర్దుకుంటాయి."

సంచాలకులుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు తగ్గించారు. ఆ గొంతులో సభల మెరుగు లేదు.

"చూడమ్మా, నేను మూర్ఖుణ్ణి కాను. గేదెకి తలా తోకా రెండూ ఉంటాయని నాకు తెలుసు. కానీ ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే ఇన్నాళ్లూ తప్పు జరిగినట్టు అర్థం వస్తుంది. రెట్టింపైన పశుసంపద ఒక్క రోజులో సగమైపోతుంది. సగం చేసిన సంచాలకుడిగా నేను మిగలాలా? నాకు రిటైర్మెంటు దగ్గరకొచ్చింది."

"దూడలు చచ్చిపోతున్నాయి సార్."

"మీ ఆవేదన నమోదు చేసుకుంటాం," అన్నారు ఆయన. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ సంచాలకులైపోయారు.

తిరిగొచ్చేసరికి జబ్బు ఊరి పొలిమేరకు వచ్చేసింది. కాలువ అవతలి గట్టున లాకుల దగ్గర, పొలంలో వేసుకున్న పశువుల మకాంలో వీరాయమ్మ తమ్ముడు గేదెను కట్టుకుంటాడు. అతని గేదె ఈని పట్టుమని నెల కాలేదు. హైమవతి వెళ్లేసరికి దూడ మెడ వాల్చేసింది. ఆవిడ దాని తల ఒళ్లో పెట్టుకుని సూది వేసింది, గుండె మీద చెయ్యి వేసి చూసింది. తల్లి గేదె నోట పుండ్లతోనే మెడ చాచి దూడను నాకబోయి, నాకలేక తల వెనక్కి తీసుకుంది. కాసేపటికి ఆవిడ చేతికింద ఏమీ కదల్లేదు.

పక్కనే నిలబడ్డ వీరాయమ్మ కేకలేస్తుందనుకుంది హైమవతి. వెయ్యలేదు. "దీనికి మందు లేదా డాట్రమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఉంది."

"మరెక్కడుంది?"

హైమవతి దూడ తలను ఒళ్లోంచి కిందికి దించింది. గారెలంత అక్షరాలు, టింగుమని వెళ్లిపోయిన రెండు సగాలు కళ్లముందు కనబడ్డాయి. ఆ సగాల్ని పంపింది తనే. బటన్ నొక్కిన వేలు తనదే.

మర్నాడు ఆ మకాం చుట్టూ సున్నం చల్లించింది. ఊళ్లో పశువుల్ని కాలువలోకి దింపొద్దని టముకు వేయించింది. వీరాయమ్మ పాకకు వెళ్లి బంగారి నోరు, గిట్టలు చూసింది. శుభ్రంగా ఉన్నాయి. ఇంకా సమయం ఉంది. సంస్థ మాత్రం ఆ పూట కూడా ఊరుకోలేదు. "ఉత్పాదక పశువుల తాజా ఫోటోలు పంపవలెను" అని ట్యాబ్ మోగింది. పంపకపోతే జీతం ఆగుతుంది. ఆవిడ విసుగ్గా ట్యాబ్ ఎత్తి బంగారి వెనక సగాన్ని తీసింది. సరిగ్గా అప్పుడే డొక్క మీద ఈగ వాలింది. బంగారి మెడ వెనక్కి తిప్పి నాలుకతో డొక్కను బర్రున నాకింది.

"అయ్యబాబోయ్, మూతి పడిపోయిందండి. మళ్లీ తియ్యండి," అన్నాడు నూకరాజు.

హైమవతి తెర వైపు చూసింది. పొదుగుంది, తోకుంది, వెనక కాళ్లున్నాయి. డొక్క మీద, అక్కడే మొలిచినట్టు, ఒక పెద్ద నల్లటి మూతి, బయటికి వేలాడుతున్న నాలుక.

"తియ్యను," అంది ఆవిడ. "పంపు" నొక్కింది. నలభై తొమ్మిది కేబీ. టింగుమంది.

ఆస్పత్రికి చేరేలోపలే ఫోన్ మోగింది. ఈసారి సుహాస్ ఏ ప్రశ్ననీ అభినందించలేదు. "మేడమ్, సార్ లైన్లో ఉన్నారు," అని మాత్రం అన్నాడు.

"డాక్టర్‌గారూ!" సంచాలకులుగారి గొంతు వణుకుతోంది. "నిరాహార క్షీర జాతి పశువులో... నోరు కనిపించిందని సిస్టమ్ హెచ్చరిస్తోంది. ఏమిటిది?"

హైమవతి జీవితంలో ఏనాడూ పై అధికారికి అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు కూడా వీలైనంత వరకు నిజమే చెబుదామనుకుంది.

"అవును సార్. నేనే కళ్లారా చూశాను. డొక్క దగ్గర కనబడింది. నాలుక కూడా ఉంది."

"తింటోందా?"

"గడ్డి చూపిస్తే తినేటట్టే ఉంది సార్."

అవతల కుర్చీ కిర్రుమంది. నిరాహార జాతి తినడం మొదలుపెడితే పరిశోధన విభాగం ఏం కావాలి? శంకుస్థాపన ఏం కావాలి? "ఒక్క పశువేనా?"

"ప్రస్తుతానికి ఒక్కటే బయటపడింది సార్. కానీ చూడబోతే ఊళ్లో ఒక్కదానికీ లేకుండా పోదనిపిస్తోంది. ఎగువ ఊళ్లోనూ ఉన్నాయి, దిగువనా ఉన్నాయి."

"నివారణ?"

"టీకా ఉంది సార్. నోటికి సంబంధించిన జబ్బుకు వేసేదే. గాలికుంటు టీకా అంటాం."

"అర్హత సంగతి నేను చూసుకుంటాను. మీరేమీ పత్రికలకు చెప్పకండి. ఎంత కావాలి?"

"మా ఊరి రికార్డులో ఎన్ని పశువులున్నాయో అన్ని కావాలి సార్. ముందువీ, వెనకవీ."

టీకాలు ఐసు పెట్టెల్లో, ముందొక జీపు వెనకొక జీపు కాపలాగా, సాయంత్రానికి జొన్నలమెరక చేరాయి. సంస్థ చరిత్రలో అంత తొందరగా ఏ మందూ ఏ ఊరికీ చేరలేదు. హైమవతి, నూకరాజు తెల్లారి ఒక చివర మొదలుపెట్టి పాక పాకకూ తిరిగారు. వీరాయమ్మ ముందు నడిచి, పశువుని పట్టుకోని మగవాళ్లనీ పట్టుకున్నా వంకలు పెట్టే ఆడవాళ్లనీ ఒకే తిట్టుతో సరిచేసింది. ఊళ్లో ప్రతి గేదెకూ టీకా పడింది. సంస్థ రెండు సగాలకూ లెక్కగట్టి పంపింది గనుక, ఎన్ని సీసాలు వాడారో అన్ని ఇంకా ఫ్రిజ్‌లో మిగిలాయి.

జబ్బు లాకుల దగ్గరే ఆగిపోయింది. కాలువ ఇవతలి గట్టున ఒక్క దూడ కూడా పోలేదు.

"నోటి విస్తరణను అరికట్టిన" ఊరిని స్వయంగా చూడటానికి సంచాలకులుగారు సుహాస్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన బూట్లు తుడవడానికి ఒక మనిషి, గొడుగు పట్టడానికి ఒక మనిషి వచ్చారు. ఏ కోణం నుంచి గేదెను చూపిస్తే ఏమవుతుందోనని హైమవతి ముందే వీరాయమ్మకు జాగ్రత్త చెప్పింది. బంగారి తలను పాక లోపల ఉంచి, వెనక భాగం మాత్రం బయటికి కనబడేలా కట్టమంది.

"ఎందుకమ్మా? నా గేదె మూతేవన్నా దొంగసరుకా, దాచుకోడానికి?" అంది వీరాయమ్మ. కట్టు విప్పి బంగారిని ఆరుబయటికి, సంచాలకులుగారి ఎదురుగా తీసుకొచ్చి నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకోలేదు. పచ్చగడ్డి మోపు తెచ్చి ముందు వేసింది.

బంగారి తినసాగింది. సంచాలకులుగారు చూస్తూ నిలబడ్డారు. అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది. పోతే పోయిందిలే అని కూడా హైమవతికి ఒక్క క్షణం అనిపించింది.

సంచాలకులుగారు చెయ్యి చాపారు. సుహాస్ ట్యాబ్ అందించాడు. ఆయన దాన్ని కళ్లకు ఎదురుగా పెట్టుకుని గేదె తలవైపు తిప్పారు. "ఇది అనుత్పాదకం. తింటోంది. సహజమే." తర్వాత తోకవైపు తిప్పారు. "ఇది ఉత్పాదకం. నోరు లేదు. అద్భుతం!" ఆయన ముఖం విప్పారింది. మళ్లీ వెంటనే ముడుచుకుంది. "కానీ డాక్టర్‌గారూ, ఈ రెండింటినీ ఇంత దగ్గరగా ఎందుకు కట్టారు? దీని నుంచే దానికి నోరు అంటుకుంది. వెంటనే విడదీయండి."

గొడుగు మనిషి గేదె వైపు చూశాడు. సుహాస్ నేల వైపు చూశాడు.

"అలాగేనండి బాబూ," అంది వీరాయమ్మ. పలుపు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ముందుది మీరు తోలుకుపొండి. వెనకది నా కాడ ఉంచండి."

సంచాలకులుగారు ఆదర్శం చూపించే అవకాశం వదులుకునే మనిషి కాదు. ఒక చేత్తో పలుపు, ఒక చేత్తో ట్యాబ్ పట్టుకుని నడిచారు. బంగారి గడ్డి నోట కరుచుకునే తాపీగా వెనక నడిచింది. ఆయన పది అడుగులు వేసి, ఆగి, ట్యాబ్‌లోంచి వెనక్కి చూశారు.

"అదెందుకు వస్తోంది?"

"రాకేం చేత్తాదండి?" అంది వీరాయమ్మ. "పుట్టినకాణ్నుంచీ రెండూ కలిసే తిరిగాయండి. ఇది కదిల్తే అదుండలేదు. ఇదేవన్నా తింటేనేగానీ అది పాలివ్వదు. అలవాటు పడిపోయాయండి ఒకదానికొకటి."

సంచాలకులుగారు ట్యాబ్‌ను తలవైపుకీ తోకవైపుకీ మార్చి మార్చి తిప్పి చూశారు. ఆయన మనసు కరిగిందని అక్కడున్న వాళ్లందరికీ కనబడింది. పలుపు వీరాయమ్మకు ఇచ్చేసి సుహాస్ వైపు తిరిగారు. "రాసుకోండి. ఉభయ పశువుల నడుమ గల ఆత్మీయతను దృష్టిలో ఉంచుకొని, మానవతా దృక్పథముతో, వాటిని కలిసి జీవించుటకు అనుమతించడమైనది."

ఆ అనుమతిని ఊరు చప్పట్లతో స్వీకరించింది. కార్లు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి.

దుమ్ము సర్దుకున్నాక హైమవతి పాక అరుగు మీద కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. నూకరాజు కూడా తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. వీరాయమ్మ ఒక్కతే నవ్వలేదు. బంగారి మెడ నిమురుతూ నిలబడింది.

"డాట్రమ్మా, దిగువన పెదలంకోళ్లకి వచ్చిందా ఈ మందు?"

హైమవతి నవ్వు ఆగిపోయింది. పెదలంక ఆవిడ పరిధిలోది కాదు. అక్కడి డాక్టరు వెనక సగాల ఫోటోలు శుభ్రంగా, ఒక్క మూతి కూడా పడకుండా పంపాడు. వాళ్లకు సున్నానే వచ్చింది. కాలువ నీళ్లు మాత్రం ఇక్కణ్నుంచే అక్కడికి వెళ్తాయి.

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది. "నూకరాజూ, ఫ్రిజ్‌లో మిగిలిన సీసాలన్నీ ఐసు పెట్టెలో సర్దు."

"మన ఊరు కాదు కదండీ."

"కాదు. సర్దు."

అతను వెళ్లి పెట్టె తెచ్చాడు. మోపెడ్ వెనక కట్టి, తాడు బిగించి, సంచి భుజాన వేసుకున్నాక ఆగాడు. "ట్యాబ్ పెట్టమంటారా అండి?"

"వద్దు," అంది హైమవతి బండి ఎక్కుతూ. "సిరంజిలు ఇంకో కట్ట పెట్టు."